మీకు తెలుసా? తొంగి చూస్తే దొరికిపోతారు!

చాటుగా వినేవాణ్ని అక్కడికక్కడే పట్టిచ్చే తాళం ఒకటుంది! వెలుగుతో చేసిన తాళం! దాని పూర్తి వివరం ఏ ఊరి సభలో బయటికొచ్చిందో తెలుసా? బెంగళూరులో! 1984 డిసెంబరులో! మీకు నచ్చిన అంశం మీద వచ్చి మాట్లాడండి అని కెనడా నుంచి శాస్త్రవేత్త జిల్ బ్రసార్‌ను పిలిచారు. ఆయన వచ్చి ఈ వెలుగు తాళం సంగతి చెప్పి వెళ్లారు. ఆ రోజు హాల్లో కూర్చున్నవారిలో ఎందరికి తాము ఏం విన్నామో అర్థమైందో మరి!

ఆ సభకు రాసిన పేపర్ ఎంత పొడవుంటుందనుకున్నారు? 5 పేజీలు! అంతే! ఆ పేజీల బలం మీదే ఇవాళ ఉపగ్రహాలు కూడా తాళాలు పంచుతున్నాయి. రాసింది ఇద్దరు. ఒకరు బ్రసార్, రెండోవారు ఐబీఎంలో పనిచేసే ఛార్లెస్ బెన్నెట్. ఆ పద్ధతికి బీబీ84 అని పేరు పడిపోయింది!

ఇంతకీ కిటుకేమిటి? ఇటు రండి, చెప్తాను! వెలుగులో అతి చిన్న తునక ఫోటాన్. అది నిలువుగా ఊగొచ్చు, అడ్డంగా ఊగొచ్చు. మరి 45 డిగ్రీల ఏటవాలుగా ఊగే ఫోటాన్‌ను పట్టుకుని ‘నువ్వు నిలువా, అడ్డమా?’ అని అడిగితే? కాసేపటి క్రితం వరకూ అది రెండూనే! ఇదే సూపర్‌పొజిషన్! అడిగిన మరుక్షణం ఏదో ఒకటైపోతుంది. ఏదవుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. మీరే కాదు, ఎంత పెద్ద కంప్యూటరైనా సరే! పైగా మొదటి ఏటవాలు రూపం పోయినట్టే. మళ్లీ తిరిగి రాదు!

నమ్మకం కుదరలేదా? పోలరాయిడ్ చలువ కళ్లద్దాలు రెండు తెచ్చుకోండి. ఒకదాని వెనక ఒకటి పెట్టి, ఒకదాన్ని 90 డిగ్రీలు తిప్పండి. చీకటి! ఇప్పుడు రెండింటి మధ్యలో మూడో అద్దాన్ని ఏటవాలుగా దూర్చండి. అడ్డం ఇంకోటి పెరిగింది కదా, మరింత చీకటి అవ్వాలి. అవ్వదు! వెలుగు వచ్చేస్తుంది! అద్దాలు నిక్కమైనవైతే మొదటి వెలుగులో 8వ వంతు బయటికొస్తుంది! మధ్య అద్దం ఫోటాన్లను మళ్లీ సూపర్‌పొజిషన్‌లోకి నెట్టేసింది మరి!

ఇక తాళం కథ! పంపే ఆవిడ పేరు ఆలిస్, అందుకునే ఆయన బాబ్, దొంగచాటుగా వినేది ఈవ్. ఈ శాస్త్రంలో పేర్లు ఎప్పుడూ ఇవే! ఆలిస్ ఒక్కో ఫోటాన్‌ను నిలువుగానో, అడ్డంగానో, అటు ఏటవాలుగానో, ఇటు ఏటవాలుగానో పంపుతుంది. దారిలో ఈవ్ దాన్ని ముట్టుకుందా... ఫోటాన్ అత్తిపత్తి ఆకే! ముడుచుకుంటుంది, గుట్టు బయటపడుతుంది! ఈవ్ ప్రతి ఫోటాన్‌నూ కొలిచి, అలాంటిదే ఇంకోటి తయారుచేసి పంపిందనుకోండి. చివరికి మిగిలే బిట్లలో, అంటే ఫోటాన్లు మోసిన 0, 1 అంకెల్లో, 25 శాతం తప్పుల తడక అవుతాయి!

మరి ఆలిస్ ఏ దిక్కున పంపిందో బాబ్‌కు ఎలా తెలుసు? తెలియదు! ఆయనా గుడ్డిగా ఊహిస్తాడు! తర్వాత ఇద్దరూ ఫోన్‌లో బాహాటంగా మాట్లాడుకుంటారు. నేను నిలువు అడ్డాల పద్ధతి వాడాను, నువ్వు? నేను ఏటవాలు. అయితే ఈ ఫోటాన్ చెత్తబుట్టకు! ఇలా దాదాపు 50 శాతం పారేస్తారు. ఆ ఫోన్ సంభాషణ ఊరంతా విన్నా ఫర్వాలేదు! పద్ధతి ఏదో చెప్పుకుంటారు గానీ జవాబు చెప్పుకోరు!

దొంగ ఉందో లేదో తేల్చాలంటే ఎన్ని బిట్లు సరిచూడాలి? లక్షా? పది లక్షలా? 72 చాలు! ఈవ్ అన్నిటినీ ముట్టుకుని ఉంటే, ఈ కాసిని బిట్లలో ఒక్క తప్పూ కనబడకుండా తప్పించుకునే అవకాశం 100 కోట్లలో ఒకటి! లెక్క సులువే! ఒక్కో బిట్ దగ్గర దొరకకపోయే అవకాశం నాలుగింట మూడు వంతులు. దాన్ని అన్నిసార్లు హెచ్చవేసి చూసుకోండి!

అసలు దొంగ లేకపోయినా తప్పులొస్తాయి! ఫైబర్ వణుకుతుంది, యంత్రం పొరబడుతుంది. అందుకో గీత గీశారు. తప్పులు దాదాపు 11 శాతం దాటాయా, ఆ తాళం మొత్తం పారేయడమే! తప్పు దొంగదా, యంత్రానిదా అని విచారణ ఉండదు. అన్ని తప్పులూ దొంగవే అనుకుని లెక్కేస్తారు! ఇంత అనుమానపు శాస్త్రం ఇంకోటి ఉండదేమో!

ఈవ్ తెలివైనదే! ఫోటాన్‌కు జిరాక్స్ తీసి, నకలు దాచుకుని, అసలుది పంపేస్తే? కుదరదు! తెలియని క్వాంటం స్థితికి అచ్చం అలాంటి నకలు తీయడం ప్రకృతిలోనే అసాధ్యం! 1982లో రుజువైంది. ఈ రుజువు వెనక గమ్మత్తు విన్నారా? నకలు తీసి కాంతి కన్నా వేగంగా కబురు పంపొచ్చని ఒకాయన పేపర్ రాశారు. దాన్ని పరిశీలించిన ఆషర్ పెరెస్‌కు అది తప్పని తెలుసు. తెలిసీ, అచ్చు వేయండి అని సిఫారసు చేశారు! తప్పెక్కడుందో నలుగురూ వెతుకుతారు, కొత్తది దొరుకుతుంది అని ఆయన నమ్మకం. అలాగే దొరికింది!

చిన్న సంగతి, కానీ చాలామంది పొరబడేది ఇక్కడే! మీ సందేశం ఈ ఫోటాన్ల మీద ప్రయాణం చేయదు! వెళ్లేది తాళం ఒక్కటే, అదీ పిచ్చి అంకెల వరస! సందేశాన్ని ఆ అంకెలతో కలిపేసి మామూలు ఇంటర్నెట్‌లోనే పంపొచ్చు. తాళం సందేశమంత పొడవుండి, పూర్తి యాదృచ్ఛికమై, ఒక్కసారే వాడితే ఎవరూ విప్పలేరని క్లాడ్ షానన్ 1949లోనే నిరూపించేశారు!

ఆ పద్ధతిలో తాళాల్ని మోసుకెళ్లిన రోజులున్నాయి, తెలుసా? 1963లో అమెరికా, సోవియట్ యూనియన్ నేతల మధ్య హాట్‌లైన్ పెట్టారు. అది ఎర్ర ఫోన్ కాదు, టెలిప్రింటర్! దాని తాళపు టేపుల్ని రాయబార కార్యాలయాల ద్వారా చేతికందించుకునేవారు! ఫోటాన్లు ఇప్పుడు చేసేది ఆ మోత పనే!

ఈ మొత్తం ఆలోచనకు ఆద్యుడు స్టీఫెన్ వీస్నర్. దొంగనోటు కొట్టడం అసాధ్యమైన కరెన్సీని ఊహించాడు! నోటులోనే ఫోటాన్లు బంధించి ఉంటాయి! కుర్రవాడిగా 1970 ప్రాంతంలో రాసి పంపితే పత్రిక తిప్పికొట్టింది. అది అచ్చయింది ఎప్పుడో తెలుసా? 1983లో! అప్పటికి ఆయనకే దాని మీద ధ్యాస పోయినట్టుంది. తర్వాతి కాలంలో ఇజ్రాయెల్‌లో తన ఇష్టంతోనే భవన నిర్మాణ కూలీగా పనిచేశారు! ప్రపంచం నెత్తిన పెట్టుకున్న ఆలోచన ఇచ్చిన మనిషి!

ఆ నోట్ల సంగతి సముద్రపు నీళ్లలో చేతులు మారింది! ఉపమానం కాదు, నిజంగానే! 1979లో ప్యూర్టోరికోలో ఓ సదస్సు. బ్రసార్ హాయిగా సముద్రంలో ఈదుతున్నారు. ఇంతలో ముక్కూమొహం తెలియని ఒకాయన ఈదుకుంటూ వచ్చి, దొంగనోటు కొట్టలేని క్వాంటం నోట్ల గురించి చెప్పడం మొదలెట్టాడు! ఆయనే బెన్నెట్! ఒడ్డుకొచ్చేసరికి స్నేహం కుదిరింది. పరిచయాలు ఇలా కూడా అవుతాయి!

మొట్టమొదటి వెలుగు తాళం ఎంత దూరం వెళ్లిందో ఊహించండి. ఊరు దాటిందా? గది దాటిందా? బల్ల కూడా దాటలేదు! 32 సెంటీమీటర్లు! 1989లో ఐబీఎం ప్రయోగశాలలో జరిగిందీ పని. ఇంకో తమాషా! ఫోటాన్‌ను తిప్పే పరికరానికి కరెంటు ఇచ్చే యంత్రం ఒకటుంది. అది సున్నాకు ఒక రకంగా, ఒకటికి ఇంకో రకంగా చప్పుడు చేసేది! పక్కన నిలబడి వింటే తాళం మొత్తం తెలిసిపోతుంది! అందుకే బ్రసార్ నవ్వుతూ చెప్పేవారు, దొంగ చెవిటిదైతే మా యంత్రం భద్రమే అని!

ఫోటాన్‌ను ఒక్కొక్కటిగా పంపడం ఎలాగో తెలుసా? చాలా యంత్రాలు అసలు పంపవు! లేజర్ వెలుగును ఎంత నీరసం చేస్తారంటే, 10 మెరుపుల్లో దాదాపు 9 ఉత్త ఖాళీలే! ఒక్కదాంట్లో ఫోటాన్ ఉంటే ఉన్నట్టు! ఖాళీ మెరుపులు పంపడానికే అంత ఖరీదైన యంత్రమా అని మీరనుకోవచ్చు. రెండు ఫోటాన్లు ఒకేసారి వెళ్తే ఈవ్ ఒకటి కాజేసి ఊరుకుంటుంది కదా, అందుకీ పిసినారితనం!

ఆ కాజేసే ఎత్తుకు పైఎత్తు 2003లో దొరికింది! మధ్యమధ్యలో ఎర మెరుపులు కలిపేయడం! కొన్ని కాస్త ప్రకాశంగా, కొన్ని మసకగా. ఏది ఎరో ఏది అసలో ఈవ్‌కు తెలియదు. జంట ఫోటాన్లలో ఒకటి మింగిందా, లెక్క తేడా కొట్టి దొరికిపోతుంది! కొరియా శాస్త్రవేత్త హ్వాంగ్ వన్‌యంగ్ ఆలోచన ఇది. గాలం వేసి చేపను కాదు, దొంగను పట్టడం!

ఒక్క ఫోటాన్ వచ్చి తగిలిందని గుర్తించాలంటే ఎంత చలి కావాలి? కొన్ని మేటి యంత్రాల్లో సన్నటి తీగను దాదాపు మైనస్ 271 డిగ్రీలకు చల్లబరుస్తారు! నక్షత్రాల మధ్య ఖాళీలోనూ అంత చలి ఉండదు! ఫోటాన్ తగలగానే తీగ అక్కడ కొంచెం వేడెక్కుతుంది. ఆ చిన్న వేడే కబురు!

ఇప్పుడు కష్టం వినండి! మంచి ఆప్టికల్ ఫైబర్‌లో 100 కిలోమీటర్లు పోయేసరికి ఫోటాన్లలో మిగిలేది ఎంతో తెలుసా? 1 శాతం! మామూలు ఇంటర్నెట్‌కైతే దారిలో యాంప్లిఫయర్లు పెట్టి బలం పెంచుతారు. ఇక్కడ పెంచడమంటే నకలు తీయడమే. అది అసాధ్యమని ఇందాకే చెప్పుకున్నాం! దొంగను ఆపిన నియమమే మనల్నీ ఆపింది!

అదే 1,000 కిలోమీటర్లయితే? సెకనుకు 1,000 కోట్ల ఫోటాన్లు గుమ్మరించినా, అవతలి ఒడ్డుకు ఒక్కటి చేరడానికి దాదాపు 300 ఏళ్లు! మీ ముని మునిమనవలు అందుకోవాలి!

అయినా ఆ దూరం దాటేశారు! చైనాలో 2023లో 1,002 కిలోమీటర్ల ఫైబర్ మీద తాళం కుదిరింది! ఎలా? ఇద్దరూ చెరో వైపు నుంచి వెలుగు పంపుతారు. రెండూ నడిమధ్యన కలుసుకుంటాయి. అంటే వెలుగు నడిచేది సగం దూరమే! వేగం అడక్కండి. సెకనుకు 0.0034 బిట్! మన ‘అ’ అక్షరాన్ని కంప్యూటర్‌లో దాచడానికి 24 బిట్లు కావాలి కదా, వాటికి సరిపడా తాళం సమకూరడానికి దాదాపు రెండు గంటలు! ఓనమాలు దిద్దేసరికి రోజులు గడిచిపోతాయి!

నేల మీద ఇంత తిప్పలైతే ఆకాశానికి ఎక్కేద్దాం! పైన గాలే లేదు, ఫోటాన్‌ను మింగేవారూ లేరు! చైనా 2016 ఆగస్టులో మిసియస్ అనే ఉపగ్రహాన్ని పంపింది. అది పెనవేసుకున్న, అంటే పుట్టుకతోనే ఒకదానికొకటి ముడిపడిన ఫోటాన్ జంటల్ని పుట్టించి, 1,200 కిలోమీటర్ల దూరంలో ఉన్న రెండు ఊళ్లకు చెరొకటి విసిరింది! సెకనుకు దాదాపు 60 లక్షల జంటలు విసిరితే, రెండు చోట్లా క్షేమంగా చేరింది ఒక్క జంట! ఆ ఒక్కటి చాలు, చరిత్ర మారింది!

మరుసటి ఏడు, 2017 సెప్టెంబరులో, బీజింగ్ నుంచి వియన్నాకు వీడియో కాల్ కలిసింది. 7,600 కిలోమీటర్లు! అటు వియన్నాలో ఆంటన్ జైలింగర్. ఇటు చైనా సైన్సెస్ అకాడమీ అధ్యక్షుడు బాయ్ చున్‌లీ. ఇక ఉపగ్రహం వెనకున్న శాస్త్రవేత్త పాన్ జియాన్‌వే. ఆయన ఎవరనుకున్నారు? జైలింగర్ దగ్గర చదువుకున్న శిష్యుడే! గురువుకు 2022లో నోబెల్ వచ్చింది. ఒక్క మెలిక మాత్రం మీ చెవిలో వేస్తాను. ఆ కాల్‌లో ఇద్దరి తాళాలూ ఉపగ్రహానికి తెలుసు! దాన్ని నమ్మాల్సిందే! ప్రచారంలో ఆ మాట కాస్త చిన్న అక్షరాల్లో కనపడింది.

దూరం ఇంకా పెరిగిందని 2025లో ప్రకటించారు! జినాన్-1 అనే బుల్లి ఉపగ్రహం చైనాకూ దక్షిణాఫ్రికాకూ మధ్య తాళం కలిపింది. 12,900 కిలోమీటర్లు! భూగోళం రెండు అర్ధభాగాలూ ఒక్క తాళంతో!

నేల మీద బీజింగ్ నుంచి షాంఘై దాకా కూడా దారి వేశారు. మధ్యలో 32 మజిలీలు! ప్రతి మజిలీలోనూ తాళాన్ని విప్పి, మళ్లీ వేసి, ముందుకు పంపుతారు. అంటే ప్రతి గదికీ కాపలా కావాలి! క్వాంటం విద్యకు చివరికి వాచ్‌మన్ దిక్కు!

పెనవేసుకున్న ఫోటాన్లతో బ్యాంకు డబ్బు పంపిన మొదటి ఊరు వియన్నా! 2004లో! ఆ ఫైబర్ ఎక్కడినుంచి వెళ్లిందో తెలిస్తే ముక్కు మూసుకుంటారు! నగరపు మురుగు కాలువల్లోంచి! దాదాపు 1.45 కిలోమీటర్లు! ఇంత సున్నితమైన వెలుగుకు అలాంటి దారి!

ఎన్నికలకూ వాడారు! 2007లో జెనీవాలో ఓట్ల లెక్కల్ని వెలుగు తాళం వేసే పంపారు. ఫుట్‌బాల్‌నూ వదల్లేదు! దక్షిణాఫ్రికా ప్రపంచకప్‌లో డర్బన్ స్టేడియం సమాచారానికీ ఇదే కాపలా!

మరి ఈ తాళాన్ని ఎవరూ విప్పలేదా? విప్పారు! అదీ 100 శాతం! నార్వే, సింగపూర్ పరిశోధకులు కలిసి 2011లో చేసి చూపించారు. ఫోటాన్ జోలికి పోలేదు. దాన్ని పట్టే యంత్రం కళ్లలోకి ప్రకాశమైన లేజర్ కొట్టారు! యంత్రం గుడ్డిదైపోయింది. ఇక వాళ్లు ఏది చెప్తే అది కొలిచింది! తాళం మొత్తం చేతికొచ్చింది, ఒక్క గంటా మోగలేదు! ప్రకృతి నియమం ఓడలేదు. ఓడింది మనిషి చేసిన పెట్టె!

దీనికి విరుగుడు ఇంకా విచిత్రం! కొలిచే యంత్రాన్ని ఏకంగా దొంగ చేతికే ఇచ్చేయండి! 2012లో వచ్చిన పద్ధతి ఇది. ఆలిస్, బాబ్ ఇద్దరూ మధ్యలో ఉన్న ఈవ్‌కే ఫోటాన్లు పంపుతారు. రెండూ ఒకటేనా, వేరువేరా అని మాత్రమే ఆమె చెప్పగలదు. అబద్ధమాడితే దొరుకుతుంది, నిజం చెప్తే తాళం కుదురుతుంది. రెండిట్లోనూ నష్టం ఈవ్‌కే!

అమెరికా భద్రతా సంస్థ ఎన్‌ఎస్‌ఏకు ఈ తాళమంటే అంత మోజు లేదు! 5 లోపాలు ఎంచి చూపింది! అవతలున్నది నిజంగా బాబేనా అని ఈ తాళం చెప్పలేదు. ప్రత్యేక యంత్రాలు కావాలి. ఖర్చెక్కువ. భద్రంగా ఉందని తేల్చడం కష్టం. ఐదోదే అసలు చమత్కారం! దొంగ ఏమీ దోచుకోనక్కర్లేదు, ఊరికే వింటూ కూర్చుంటే చాలు, తాళం ఎప్పటికీ కుదరదు! వాళ్ల మాటలో పస ఉందనే నాకనిపిస్తుంది.

మరెందుకింత హడావిడి? ఇవాళ్టి ఇంటర్నెట్ తాళాలకు ముప్పుంది కాబట్టి! 1994లో పీటర్ షోర్ ఒక లెక్క చూపించారు. తగినంత పెద్ద క్వాంటం కంప్యూటర్ ఉంటే, నేడు మన బ్యాంకులు వాడే చాలా తాళాలు పుటుక్కుమంటాయి! విప్పేదీ సూపర్‌పొజిషనే, వేసేదీ సూపర్‌పొజిషనే! కంగారు పడకండి, అంత పెద్ద యంత్రం ఇంకా రాలేదు. అమరావతికి 2025లో ప్రకటించిన ఐబీఎం యంత్రంలో 156 క్యూబిట్లు, అంటే క్వాంటం బిట్లు. మీ ఏటీఎం పిన్‌కు దానితో భయం లేదు!

ఫోటాన్లే అక్కర్లేని కొత్త తాళాలూ వచ్చాయి! క్వాంటం కంప్యూటర్‌కు కూడా కొరుకుడు పడవని నమ్ముతున్న గణితం! అమెరికా ప్రమాణాల సంస్థ 2024 ఆగస్టులో అలాంటివి 3 ఖాయం చేసింది. సాఫ్ట్‌వేర్ మారిస్తే చాలు! వెలుగు తాళానికి గట్టి పోటీ ఇదే!

ఫోన్‌లోనూ క్వాంటం దూరిందని తెలుసా? 2020లో కొరియాలో శామ్‌సంగ్ ఫోన్ ఒకటి వచ్చింది. లోపల 2.5 మిల్లీమీటర్ల చిప్! అది తాళం పంపదు, వెలుగు గిలిగింతల నుంచి పిచ్చి అంకెలు పుట్టిస్తుంది. ఊహించలేని అంకెలు దొరకడం మనం అనుకున్నంత తేలిక కాదు మరి!

ఇక మన హైదరాబాద్! 2020 డిసెంబరులో ఇక్కడి రెండు డీఆర్‌డీఓ ప్రయోగశాలలు, డీఆర్‌డీఎల్, ఆర్‌సీఐ, వెలుగు తాళంతో మాట్లాడుకున్నాయి! 12 కిలోమీటర్ల ఫైబర్ మీద! దొంగ వింటే ఏమవుతుందో కూడా పరీక్షించి చూశారు! ట్రాఫిక్‌లో మనకు గంట పట్టే దూరాన్ని ఫోటాన్లు రెప్పపాటు కూడా పట్టకుండా దాటేశాయి!

అహ్మదాబాద్‌లో ఇస్రో ఈ పని రాత్రిళ్లు చేసింది! ఎందుకంటారా? పగలు ఎండలో కోటానుకోట్ల ఫోటాన్లు! వాటిలో మనది ఏదో ఎవరు చెప్తారు? 2021లో రెండు భవనాల మధ్య, తీగ లేకుండా, 300 మీటర్ల గాలిలో తాళం కుదిరింది. దానితో వీడియో కాల్ కూడా మాట్లాడారు!

మరుసటి ఏడాది ప్రయాగ్‌రాజ్ నుంచి వింధ్యాచల్ దాకా! 100 కిలోమీటర్లకు పైనే! కొత్త తీగ వేయలేదు, నేలలో అప్పటికే ఉన్న మామూలు వ్యాపార ఫైబర్‌నే వాడుకున్నారు! డీఆర్‌డీఓ, ఢిల్లీ ఐఐటీ కలిసి చేసిన పని. గంగ ఒడ్డున ఒక తీర్థం నుంచి ఇంకో తీర్థానికి వెలుగు యాత్ర!

అదే జట్టు 2025లో పెనవేసుకున్న ఫోటాన్లను ఢిల్లీ ఐఐటీ ఆవరణలో కిలోమీటరుకు పైగా గాలిలోంచి పంపింది. వేగం సెకనుకు దాదాపు 240 బిట్లు! నత్తనడక అంటారా? 1,002 కిలోమీటర్ల ఫైబర్ లెక్క గుర్తుంటే అలా అనరు!

తర్వాత? జాతీయ క్వాంటం మిషన్! 2023లో కేంద్రం ఒప్పుకున్న పథకం ఇది. దాని లక్ష్యాల్లో ఒకటి, మన దేశంలోనే 2,000 కిలోమీటర్ల దూరంలో ఉన్న రెండు కేంద్రాలకు ఉపగ్రహం నుంచి తాళం అందించడం! అంటే శ్రీనగర్‌లో ఒక టెలిస్కోపు, ఇంచుమించు విజయవాడ దగ్గర ఇంకోటి అన్నంత దూరం! గడువు 2031!